తాలు

బ్రాడీపేట నాలుగో లైన్లో
మెట్ల కింద మా స్టూడియో.
ఫ్యాను తిరిగితే తెర ఊగుతుంది,
తెర ఊగితే దాని మీది నీలం ఆకాశం
ముడతలు పడుతుంది.
పదకొండేళ్ళుగా నా పని మొహాలు దిద్దడం.
మౌసు కుడికి జరిపితే తెలుపు.
ఇంకాస్త జరిపితే సంబంధం.

సువార్త మిట్టమధ్యాహ్నం వచ్చింది.
ఇంటర్ రెండో సంవత్సరం,
చేతిలో లైబ్రరీ పుస్తకం,
అట్టకి పేపరు తొడుగు.
స్టూలెక్కిందో లేదో కరెంటు పోయింది.
యార్డు వైపు నుంచి ఘాటు గాలి.
ఇద్దరం ఒకేసారి తుమ్మాం.

చీకట్లో కథ చెప్పింది.
అదొక నగరమంట అక్కా,
పదిహేడు నిండిన రోజు సైరను మోగుద్దంట,
వరసలో నుంచోబెట్టి
అందరికీ ఒకటే మొహం ఇస్తారంట.
ఒకటే ముక్కు, ఒకటే నవ్వు,
ఏడుపుక్కూడా ఒకటే కొలత.
అమ్మలు పిల్లల్ని నడకని బట్టి పోల్చుకుంటారంట.
ఒక పిల్ల మాత్రం మొహానికి గోనెపట్టా చుట్టుకుని
వంతెన దాటి పారిపోయింది.
ఇంకా అరవై పేజీలున్నాయి,
దొరికిపోద్దేమోనని భయంగా ఉంది.

పాత ఆల్బం అట్టతో విసురుకుంటూ
ఊఁ కొడుతున్నాను.

"ఆ మొహాలు చేసేవాళ్ళున్నారు చూడు,
రాసినామె వాళ్ళకి ఒక్క పేరు కూడా పెట్టలేదక్కా.
తెల్లకోట్లు అని రాసి వదిలేసింది.
వాళ్ళూ క్యారేజీ తెచ్చుకుంటారుగా,
సాయంత్రం ఇంటికెళ్ళి
కాళ్ళు పీకుతున్నాయంటారుగా?"

నా క్యారేజీ బల్ల కింద ఉంది.
కాలితో ఇంకొంచెం లోపలికి తోశాను.

వాళ్ళమ్మ యార్డులో కాయ ఏరుద్ది.
ఎర్రకాయ ఒక కుప్ప, తాలు ఒక కుప్ప.
పక్కామెతో మాట్లాడుతూనే,
కన్ను పెట్టకుండానే,
తెల్లబోయిన కాయని చెయ్యి పక్కకి నెట్టేసుద్ది.
మిరపలో తెలుపు తాలు.
మనిషి దగ్గరికొచ్చేసరికి
కుప్పలు ఎవరు మార్చారో.

మా ఊళ్ళో సైరను లేదు.
ఎవర్నీ ఎవరూ వరసలో నుంచోబెట్టలేదు.
వాళ్ళే వస్తారు,
చెమట తుడుచుకుని, పౌడరు అద్దుకుని,
ఎనిమిది కాపీలకి ఎనభై రూపాయలిచ్చి
"కొంచెం చూసి చెయ్యమ్మా" అంటారు.
చూసి అంటే
చూడకుండా చెయ్యమని.

కరెంటొచ్చింది. ఫొటో తీశాను.
ఎండకి కమిలిన నుదురు.
గడ్డం కింద గాటు,
సైకిలు మీద ఓవర్‌బ్రిడ్జి దిగుతూ పడినప్పటిదంట.
ఒక్కటీ ముట్టుకోలేదు.
ఆ పుస్తకం చదివిన పిల్ల కదా అని
ఉన్నదున్నట్టు తెర మీద పెట్టి
నేనేదో ఇచ్చినట్టు గొప్పగా చూపించాను.

చాలాసేపు చూసింది.
"బాగుందక్కా" అంది.
పుస్తకం అట్ట మీద గోటితో గీస్తూ
"కొంచెం తెల్లగా చెయ్యవా?
సోమవారం బెజవాడలో ఎయిర్‌హోస్టెస్ కోర్సు సెలక్షను."

మరి వంతెన దాటిన పిల్లో?
"దానికి సెలక్షన్లు లేవుగా"
అని నవ్వింది.
నవ్వితే గడ్డం కింద గాటు కూడా
కాస్త సాగింది.

జరిపాను మౌసు. ఏం చెయ్యను.
గాటు రెండు నొక్కుల్లో పోయింది.
మానడానికి దానికి రెండు నెలలు పట్టి ఉంటుంది.

ఆ రాత్రి నుంచీ
దిద్దకముందు మొహాలన్నీ
ఒక ఫోల్డర్లో దాస్తున్నాను.
పేరు తాలు.
ఓనరు అడిగితే వేస్టు ఫైళ్ళంటాను.
నాలుగొందల పన్నెండయ్యాయి.
షట్టరు సగం దించి తెరిచి చూస్తే
మొటిమలు, ఎత్తుపళ్ళు, అమ్మవారి మచ్చలు,
ఒకరి చెవి ఒకరికి రాదు.
గది నిండా జనం ఉన్నట్టుంటుంది.

నాది కూడా అందులో పెడదామని
పెళ్ళి ఆల్బం నుంచి ఆధార్ కార్డు దాకా వెతికాను.
అన్నీ ఎప్పుడో
నేనే దిద్దేసి ఉన్నాను.